టేపు ఎవరి చేతిలో ఉంది?

మా అక్క కొడుక్కి రావాల్సిన 1,200 రూపాయలు ఇంతవరకు రాలేదు. ఇక రావు కూడా.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో జరిగింది ఇది. వాడు, వాడి స్నేహితులు ముగ్గురు కలిసి ఒక స్క్వాడ్. టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన బీజీఎంఐ టోర్నమెంటులో చేరారు. బీజీఎంఐ అంటే ఫోన్లో ఆడే తుపాకుల ఆట, ఒకప్పటి పబ్జీయే. జట్టుకు 100 రూపాయల ఎంట్రీ, మొత్తం 25 జట్లు, మొదటి బహుమతి 1,200. రాత్రి 9 గంటలకు ఆటలోకి దిగడానికి రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ వచ్చాయి. వీళ్లు దిగారు, ఆట మైదానం కుంచించుకుపోయి మిగిలే చివరి సర్కిల్ దాకా నిలబడ్డారు, గెలిచారు. డాబా మీద అరిచిన అరుపులకు వీధి కుక్కలన్నీ లేచాయి. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టారు. పది నిమిషాలకు నిర్వాహకుడి జవాబు: మీలో ఒకడు ఎమ్యులేటర్ మీద ఆడాడు, డిస్‌క్వాలిఫై. ఎమ్యులేటర్ అంటే ఫోన్ ఆటను కంప్యూటర్లో మౌసు, కీబోర్డుతో ఆడటం. ఆ నలుగురిలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. ఆ మాట టైపు చేసేలోపే నలుగుర్నీ గ్రూపులోంచి తీసేశాడు.

డబ్బు సంగతి వాడు రెండ్రోజుల్లో మర్చిపోయాడు. మూడో రోజు అన్నం తింటూ తింటూ ఆగి, "మేం గెలిచామని ఎక్కడా లేదు మామా" అన్నాడు. నాకు పట్టుకున్నది ఆ మాట.

బావకు మాత్రం ఏ దిగులూ పట్టలేదు. "ఫోన్లో ఆడితే ఫోన్లోనే పోద్ది. ఇంకేం పోద్ది?" అని చెయ్యి కడుక్కున్నాడు. బావ పొగాకు రైతు, టంగుటూరు పక్కన మా ఊరు. పొలం తర్వాత ఆయనకు పిచ్చి ఏదన్నా ఉందంటే అది ఎడ్ల బండలాగుడు. సొంతంగా జత లేదు, కట్టే స్తోమతా లేదు. కానీ మా తిరునాళ్లలో ఏటా కొలత టేపు పట్టుకునేది ఆయనే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పిలుస్తారు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. జతకు ఇచ్చిన టైములో రాతిబండను ఎంత దూరం లాగితే అంత లెక్క. గిత్తల పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. నోరు తెరిచి చూసి గానీ ఏ విభాగమో ఖాయం చేయరు. విజిల్ పడ్డాక బండ ఆగిన చోట టేపు పెట్టి, అడుగులు అంగుళాలతో సహా మైకులో చెబుతారు. రెండేళ్ల కింద మొదటి, రెండో బహుమతుల మధ్య తేడా 7 అంగుళాలు. బావ మోకాళ్ల మీద కూర్చుని, బండ ముందు అంచుకు టేపు ఆనించి, రెండు జతల వాళ్లనూ పిలిచి వంగి చూడమన్నాడు. వాళ్లు చూసి ఊఁ అన్నాకే మైకు దగ్గరికి చీటీ పంపాడు. ఓడినవాళ్లు గొణుక్కున్నారు గానీ గొడవపడలేదు. మరుసటేడు అదే జతను పట్టుకుని మళ్లీ వచ్చారు.

అందుకే ఆ రోజు బావను అడిగాను. "నీ టేపు లేకపోతే మీ పందెం ఏమయ్యేది బావా?"

"తలకాయలు పగిలేవి."

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆ జవాబులోనే ఉంది. వీడియో గేములు మంచివా చెడ్డవా, కెరీరా టైం వేస్టా అని మన ఇళ్లలో పదిహేనేళ్లుగా వాదించుకుంటున్నాం. నా లెక్కలో అది పక్కదారి ప్రశ్న. ఏ ఆటయినా పోటీగా నిలబడాలంటే ఇటువాడూ అటువాడూ కాని ఒక మూడో మనిషి కావాలి, వాడి చేతిలో టేపు ఉండాలి, కొలిచింది నలుగురి ఎదుట రాసి పెట్టాలి. వీడియో గేముల పోటీల చరిత్ర మొత్తం ఆ మూడో మనిషిని వెతుక్కున్న చరిత్రే. దొరికిన చోట పెరిగింది, దొరకని చోట మా వాడి 1,200 లాగా గాల్లో కలిసింది.

మొట్టమొదటి పోటీగా చాలామంది చెప్పేది 1972 అక్టోబర్ 19న అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని కృత్రిమ మేధ ప్రయోగశాలలో జరిగినది. ఆట పేరు స్పేస్‌వార్, పదేళ్ల ముందు ఎంఐటీలో కుర్రాళ్లు రాసినది. బహుమతి ఏంటనుకున్నారు? రోలింగ్ స్టోన్ పత్రికకు ఏడాది చందా. అంతే. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే గదంత యంత్రం, అది ఖాళీగా దొరకడమే గగనం. అయినా ఐదుగురు కలిసి ఆడే పోటీలో బ్రూస్ బామ్‌గార్ట్ అనే ఆయన గెలిచాడని యాభై ఏళ్ల తర్వాత ఒంగోల్లో కూర్చుని నేను రాయగలుగుతున్నాను. ఒక విలేకరి అక్కడ నిలబడి చూసి, పత్రికలో రాశాడు కాబట్టి. మా అక్క కొడుకు పోయినేడు గెలిచిన సంగతికి మాత్రం ఆధారం లేదు.

1980లో అటారీ కంపెనీ స్పేస్ ఇన్వేడర్స్ పోటీ పెడితే అమెరికా అంతటా 10,000 మందికి పైగా ఆడారు. గెలిచిన రెబెకా హైన్‌మన్ తర్వాత ఆటలు తయారుచేసే పనిలోనే స్థిరపడ్డారు. అంతకంటే నాకు నచ్చేది ఆ మరుసటేడు కథ. అయోవా రాష్ట్రంలో ఒటమ్వా అని చిన్న ఊరు. అక్కడ వాల్టర్ డే అనే ఆయన ట్విన్ గెలాక్సీస్ పేరుతో ఒక ఆర్కేడ్ తెరిచాడు, అంటే నాణెం వేసి ఆడుకునే మిషన్లు ఉండే కొట్టు. ఏ ఆటలో దేశంలోకెల్లా పెద్ద స్కోరు ఎవరిదో ఎవరూ రాసి పెట్టడం లేదని గమనించి, ఆ పని తనే నెత్తిన వేసుకున్నాడు. ఫోన్లు చేయించుకుని, సరిచూసుకుని, స్కోర్‌బోర్డు రాశాడు. దాంతో ఎక్కడో మారుమూల కొట్లో ఒంటరిగా ఆడుతున్న కుర్రాడికి ఇంకో రాష్ట్రంలో ఉన్న కుర్రాడు పోటీదారు అయిపోయాడు. ఆ ఊరు చివరికి ప్రపంచ వీడియో గేముల రాజధాని అని పేరు తెచ్చుకుంది. నాలాంటి వాడికి ఇందులో ఊరట ఏమిటంటే, ఒటమ్వా కూడా మహానగరమేమీ కాదు.

1997లో క్వేక్ ఆట పోటీలో గెలిచిన డెనిస్ ఫాంగ్‌కు, ఆ ఆట తయారుచేసిన జాన్ కార్మాక్ తన సొంత ఫెరారీ కారు ఇచ్చేశాడు. పత్రికలకు అది పెద్ద వార్త. మా వైపు పందేల్లో బుల్లెట్ బండి బహుమతి పెట్టినా ఇలాగే నెల రోజులు చెప్పుకుంటారు. కానీ కారు వల్ల ఆట క్రీడ అయిపోలేదు. అది అయింది దక్షిణ కొరియాలో.

అక్కడికి వెళ్లే ముందు మా ఇంటర్నెట్ సెంటర్ సంగతి చెప్పాలి.

2004లో నేను ఒంగోల్లో డిగ్రీలో చేరాను. కర్నూలు రోడ్డులో ఒక మేడ మీద 12 కంప్యూటర్లున్న సెంటర్. గంటకు 15 రూపాయలు. రిజల్ట్స్ చూసుకునేవాళ్లు, యాహూలో చాటింగ్ చేసేవాళ్లు ముందు వరసలో, మేం వెనక వరసలో. మేం ఆడేది కౌంటర్ స్ట్రైక్ 1.6, రెండు జట్ల తుపాకుల ఆట. డబ్బా మానిటర్లు, ఆటలో నడవడానికి నొక్కే డబ్ల్యూ ఏ ఎస్ డీ అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు. కూర్చోగానే మొదటి పని మౌసు తిరగేసి, కింద బంతి బయటికి తీసి, లోపల రోలర్లకు చుట్టుకున్న మురికిని గోటితో గీకడం. ఆ పని చేయకుండా ఆడినవాడి తుపాకీ ఆకాశం వైపు చూసేది. ఆరో నంబర్ మౌసు మంచిదని దానికోసం కాలేజీ ఎగ్గొట్టి పొద్దున్నే వెళ్లిన రోజులున్నాయి. అమ్మాయిలు ముందు వరస దాటి ఎప్పుడూ రాలేదు. రాగలిగే చోటుగా దాన్ని మేమూ ఉంచలేదు, ఆ అరుపులు, ఆ బూతులు. అప్పుడు తోచలేదు గానీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది.

ఆ సెంటర్ నడిపే అన్నకు ఆట ఆడటం రాదు. కానీ ఆదివారం పోటీలు పెట్టేవాడు. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, మ్యాపు, అంటే ఆటలో తలపడే చోటు, డస్ట్ 2, ముందు 16 రౌండ్లు గెలిచిన జట్టుది ఆట. ఓడినవాళ్లు రెండు జట్ల గంటల డబ్బులూ కట్టాలి, గెలిచినవాళ్లకు ఫ్రీ, పైన ఒక్కో థమ్సప్. రౌండు అయినప్పుడల్లా అన్న ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు పెట్టేవాడు. ఎందుకంటే కరెంటు పోతే స్కోరు పోతుంది. యూపీఎస్ ఆయన టేబుల్ కింద ఒక్క మిషన్‌కే ఉండేది.

ఒకసారి ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ జట్టుతో ఆడుతున్నాం. 11-13, మేమే వెనక. కరెంటు పోయింది. చీకట్లో ఎవరో "12-12 కదా" అన్నారు. ఎవరో ఏంటి, నేనే. మా వాళ్లు నలుగురూ వంత పాడారు. అవతలివాళ్లు లేచారు. అన్న కొవ్వొత్తి వెలిగించి నోట్‌బుక్ మా వైపు తిప్పి పెట్టాడు. 11-13. రోజూ వచ్చి డబ్బులిచ్చేది మేం, వాళ్లు ఆ ఒక్క రోజుకు వచ్చినవాళ్లు. అయినా ఆయన గీత మార్చలేదు. కరెంటు వచ్చాక అక్కణ్నుంచే మొదలెట్టి 14-16తో ఓడిపోయాం. వాళ్ల గంటల డబ్బులు కూడా మేమే కట్టాం. పై ఆదివారం వాళ్లు మళ్లీ వచ్చారు, ఇంకో జట్టును వెంటేసుకుని. నోట్‌బుక్ అబద్ధం చెప్పదని నమ్మకం కుదిరింది కాబట్టే వచ్చారు.

ఇక్కడ యంత్రం సంగతి కూడా ఒకటుంది. ఒకే గదిలో వైర్లతో కలిపిన కంప్యూటర్ల మధ్య సమాచారం దాదాపు ఆలస్యం లేకుండా పోతుంది. ఆ ఆలస్యాన్నే పింగ్ అంటారు, సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మా సెంటర్లో అందరికీ 5, 10 ఉండేది. నేను ట్రిగ్గర్ నొక్కిన క్షణమూ, నువ్వు పడిపోయిన క్షణమూ ఒకటే. అదే ఫోన్ డేటా మీద ఆడితే ఒకడికి 40, ఇంకొకడికి 180. గోడ చాటుకు వెళ్లిపోయాననుకున్నవాడు చచ్చిపడి ఉంటాడు, ఎందుకంటే ఆటను నడిపే కంప్యూటర్, అదే సర్వర్, దాని లెక్కలో వాడింకా బయటే ఉన్నాడు. టవర్ దగ్గర ఇల్లున్నవాడు సగం గెలిచినట్టే. పెద్ద టోర్నమెంట్ల ఫైనల్స్ అన్నీ ఆటగాళ్లను ఒకే వేదిక మీదికి తెచ్చి ఆడించేది జనం చూడటానికి మాత్రమే కాదు, అందరికీ నేల సమం చేయడానికి. బండలాగుడుకు ముందు దారి చదును చేసి నీళ్లు చల్లడం లాంటిదే అదీను.

కొరియాలో జరిగింది ఈ ఇంటర్నెట్ సెంటర్ కథే, పెద్ద ఎత్తున. 1997 చివర్లో అక్కడ ఆర్థిక సంక్షోభం వచ్చింది, దేశం అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దగ్గర చెయ్యి చాచింది. ఉద్యోగాలు పోయినవాళ్లు కొందరు చేతిలో ఉన్న డబ్బుతో పీసీ బ్యాంగులు తెరిచారు. బ్యాంగ్ అంటే గది. ప్రభుత్వం అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ మీద గట్టిగా ఖర్చు పెడుతోంది. 1998లో స్టార్‌క్రాఫ్ట్ ఆట వచ్చింది. పనిలేని కుర్రాళ్లు, చవక గదులు, వేగమైన ఇంటర్నెట్, ఒకరితో ఒకరు తలపడే ఆట, నాలుగూ ఒకేసారి కుదిరాయి. వీధి పోటీలు టీవీకెక్కాయి. ఆన్‌గేమ్‌నెట్ లాంటి ఛానళ్లు పుట్టాయి, రోజంతా ఆటే.

ఇవన్నీ ఉన్నా అది జాతర లాగా వచ్చి పోయి ఉండేది. నిలబెట్టింది 2000లో ఏర్పడిన కొరియా ఈ-స్పోర్ట్స్, అంటే వీడియో గేముల పోటీల సంఘం, కెస్పా అంటారు. ఆటగాళ్ల నమోదు, జట్లు, లీగు, రిఫరీలు. ఆటగాడి వెనకే రిఫరీ నిలబడేవాడు. మధ్యలో ఆట ఆపమనాలంటే కీబోర్డు మీద 'పీపీపీ' అని మూడు అక్షరాలే కొట్టాలి, ఇంకేం కొట్టినా తప్పే. రెండు అక్షరాలు కొట్టి మ్యాచ్ పోగొట్టుకున్న సందర్భం కూడా ఉంది. ఇది విని మా వాడు పగలబడి నవ్వాడు. బావ నవ్వలేదు. "ఏడంగుళాలకు పోయినోళ్లని చూళ్లేదా" అన్నాడు.

స్టార్‌క్రాఫ్ట్ ఆటగాడు లిమ్ యో-హ్వాన్ పేరు అప్పట్లో కొరియాలో సినిమా హీరో పేరు లాంటిది. ఆటలో ఆయన పెట్టుకున్న పేరు బాక్సర్. 2004లో బూసాన్‌లోని గ్వాంగల్లీ బీచ్‌లో లీగు ఫైనల్ పెడితే లక్షమంది వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సముద్రపు ఒడ్డున, ఇద్దరు కుర్రాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుంటే చూడటానికి అంత జనం. మన కొత్తపట్నం బీచ్‌లో కార్తీక సోమవారం జనాన్ని చూసినవాళ్లు దాన్ని పదింతలు చేసి ఊహించుకోండి.

అదే కొరియాలో 2010లో ఏం జరిగిందో కూడా చెప్పాలి, లేకపోతే నా వాదన ఒంటికన్నుది అవుతుంది. బెట్టింగ్ వాళ్లు ఆటగాళ్లను కొనేశారు. ఓడిపోవడానికి డబ్బు. కెస్పా 11 మందిని జీవితాంతం నిషేధించింది, అందులో మా జే-యూన్ లాంటి ఒకప్పటి మేటి ఆటగాడు కూడా ఉన్నాడు. అంటే టేపు ఉన్నంత మాత్రాన దొంగతనం ఆగదు. కానీ టేపు ఉంటే దొంగతనం బయటపడుతుంది, దొంగకు పేరుంటుంది, శిక్ష ఉంటుంది. మా వాణ్ని మోసం చేసినవాడికి ఒక టెలిగ్రామ్ మారుపేరు తప్ప ఏమీ లేదు. వాడిని ఏ ఆటలోంచి నిషేధిస్తారు?

ఇక డబ్బు. ఈ ఆటల పెరుగుదల గురించి ఎవరు రాసినా బహుమతి మొత్తాలతోనే మొదలెడతారు. నేనూ ఒకటి చెప్తాను, కాకపోతే వేరే కారణానికి. డోటా 2 ఆటకు ది ఇంటర్నేషనల్ అని ఏటా జరిగే పోటీ ఉంది. 2011లో మొదటిసారి జర్మనీలోని కొలోన్‌లో జరిగినప్పుడు మొత్తం బహుమతి 16 లక్షల డాలర్లు. 2021కి అది 4 కోట్ల డాలర్లు దాటింది. ఇందులో చాలా భాగం కంపెనీ జేబులోంచి కాదు, ఆట లోపల అభిమానులు కొనే వస్తువుల అమ్మకంలో పాతిక శాతం బహుమతిలో కలిపారు. అంటే తిరునాళ్ల చందా లాంటిదే. తర్వాత ఆ పద్ధతి మార్చారు, 2023కి బహుమతి 30 లక్షల డాలర్ల చిల్లరకు పడిపోయింది. పోటీ మాత్రం ఆగలేదు. ఆడేవాళ్లు ఆడారు, చూసేవాళ్లు చూశారు. బహుమతి పెరిగిందా తగ్గిందా అన్నది ఆట ఆరోగ్యానికి కొలబద్ద కాదని అప్పుడే నాకు గట్టిగా అనిపించింది. పత్రిక చందా కోసం ఆడినవాళ్లతో మొదలైన ఆట కదా ఇది.

మన దగ్గరికి వద్దాం. మనకూ ఇంటర్నెట్ సెంటర్లున్నాయి, మనకూ పనిలేని కుర్రాళ్లున్నారు. కొరియా కథ ఇక్కడ ఎందుకు జరగలేదు? డబ్బు లేక, నెట్ లేక అన్నది సగం జవాబే. మన ఆదివారం పోటీలు ఒక సెంటర్ నోట్‌బుక్‌లోంచి ఇంకో సెంటర్ నోట్‌బుక్‌లోకి పోలేదు. ఒంగోలు వాళ్లకు నెల్లూరులో ఎవరు బాగా ఆడతారో తెలీదు. నెల్లూరు వాళ్లు అక్కడి ట్రంక్ రోడ్డు చుట్టుపక్కల సెంటర్లలో మాలాగే అరుచుకుంటూ ఉండేవాళ్లట, పదేళ్ల తర్వాత ఆఫీసులో పక్క సీటు నెల్లూరాయన చెబితే తెలిసింది. వాల్టర్ డే లాంటి వాడు ఒక్కడు ఉంటే కావలి దగ్గరో ఎక్కడో కలుసుకునేవాళ్లం.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. డేటా నీళ్లప్రాయం అయింది, ఆట గదిలోంచి జేబులోకి దూరింది. మరుసటి నెలలోనే కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ లీగును మూసేస్తున్నట్టు కెస్పా ప్రకటించింది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు, నాకే ఆ తేదీలు పక్కపక్కన కనబడితే ఏదోలా ఉంటుంది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చేసరికి మా కర్నూలు రోడ్డు సెంటర్ జిరాక్స్ షాపు అయిపోయింది. అద్దంకి బస్టాండు దగ్గర టీకొట్లలో నలుగురు నలుగురుగా తలలు వంచుకుని కుర్రాళ్లు. మాకు దొరకనిది వాళ్లకు దొరికింది. ఎవరి ఫోన్ వాళ్లది, గంటకు 15 రూపాయలు లేదు, పల్లె పట్నం తేడా లేదు. పోయింది కూడా ఒకటుంది. నోట్‌బుక్ పట్టుకుని కౌంటర్లో కూర్చునే అన్న పోయాడు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు రూమ్ ఐడీ అమ్ముకునేవాడు కూర్చున్నాడు.

ఇంకో చిక్కు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో దాన్నీ తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. దేశ భద్రత సంగతి ప్రభుత్వం చూసుకోవాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఆటగాడి వైపు నుంచి చూడండి. ఏళ్లకేళ్లు నేర్చుకున్నది ఒక సాయంత్రం ఫోన్లోంచి మాయం. వాలీబాల్‌ను ఎవరూ అలా తీసేయలేరు, వాలీబాల్ ఎవరి సొత్తూ కాదు. బండా అంతే, ఊళ్లో రాయి. వీడియో గేముకు మాత్రం యజమాని ఉంటాడు. స్టార్‌క్రాఫ్ట్ ప్రసార హక్కుల మీద కెస్పాకూ ఆట తయారుచేసిన బ్లిజార్డ్‌కూ ఏళ్ల తరబడి నడిచిన తగాదా కూడా ఇదే. బంతిని కనిపెట్టినవాడే గ్రౌండు నాది, స్కోరు నాది అంటే ఎలా ఉంటుందో అలా. దీనికి నా దగ్గర విరుగుడు లేదు. ఈ-స్పోర్ట్స్‌ను మామూలు క్రీడలతో సమానం అని కళ్లు మూసుకుని వాదించేవాళ్లతో నేను ఇక్కడ విడిపోతాను. సమానం కాదు. ఇందులో ఒక కాలు ఎప్పుడూ అద్దె ఇంట్లో ఉంటుంది.

అయినా ప్రపంచం దీన్ని క్రీడగానే లెక్కేస్తోంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెడితే గుజరాత్ కుర్రాడు తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్ ఆటలో కాంస్యం తెచ్చాడు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అసలు పతకాలే ఇచ్చారు. అక్కడ లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో స్వర్ణం గెలిచిన కొరియా కుర్రాళ్లకు తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికింది. మన దగ్గర 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పాల్గొనే రుసుము, గెలిచినవాళ్లకు బహుమతి ఉండొచ్చు, పందెం కాయకూడదు. ఆంధ్రప్రదేశ్ అయితే 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, బెట్టింగ్‌ను నిషేధించింది. ఆ రమ్మీ యాప్‌లలో పొలం డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా వైపూ ఉన్నారు. అందుకే ఫోన్లో ఆట, డబ్బు అన్న రెండు మాటలు కలిసి వినబడితే మా బావ లాంటివాళ్లకు ఒళ్లు మండుతుంది. వాళ్ల భయాన్ని నేను తప్పు పట్టను. పేకాట క్లబ్బుకూ ఎడ్ల పందేనికీ తేడా తెలిసిన మనిషే ఆయన. ఫోన్లో ఆ తేడా కనబడేలా ఎవరూ చూపించలేదు, అంతే.

కెరీర్ ప్రశ్నకు ఒక్క మాటలో చెప్తాను: కాదు, నూటికి తొంభైతొమ్మిది మందికి కాదు. మా అక్క కొడుక్కీ ఇదే చెప్పాను, వాడి ముఖం మాడింది. కానీ ఊళ్లో సాయంత్రం వాలీబాల్ ఆడేవాణ్ని ఇది కెరీరా అని ఎవరూ అడగరు. గిత్తలకు ఉలవలు ఉడకేసి పెట్టే రైతును లాభమా నష్టమా అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. వీడియో గేముకు మాత్రమే ఆ పరీక్ష ఎందుకు? రాత్రి 2 దాకా దుప్పటి కింద ఒంటరిగా ఆడేవాడి గురించి నాకూ బెంగే. ఆ దుప్పటి తీసేయాలంటే వాణ్ని పందిరి కిందికి, పదిమంది కళ్ల ముందుకు తీసుకురావాలని నా వాదన.

వాదన అయ్యాక పని కూడా చేయాలి కదా. ఈ సంక్రాంతికి తిరునాళ్ల పందిరి ఎలాగూ వేశారు. కమిటీలో బావ ఉన్నాడు. బతిమాలితే కనుమ రోజు సాయంత్రం బండలాగుడు అయ్యాక రెండు గంటలు ఇచ్చారు. ఎంట్రీ లేదు. టీం డెత్‌మ్యాచ్, నలుగురు నలుగురు, ముందు 40 మందిని పడగొట్టిన జట్టుది గెలుపు. మా ఊరివి మూడు జట్లు, చుట్టుపక్కలవి ఐదు. ఎవరి డేటా వాళ్లు వాడితే పింగ్ గొడవ వస్తుందని రెండు హాట్‌స్పాట్లు పెట్టాం, అందులో ఒకటి సెమీఫైనల్లో చచ్చిపోయింది. మైకులో ఎడ్లకు వ్యాఖ్యానం చెప్పే ఆయనే దీనికీ చెప్పాడు. ఆటేంటో తెలీకపోయినా గొంతు తగ్గించలేదు, తుపాకీ పేలినప్పుడల్లా "లాగుతున్నాయ్, లాగుతున్నాయ్" అన్నాడు, జనం ఒకటే నవ్వు. ప్రొజెక్టర్ వెలుగు పందిరి గుడ్డ మీద సరిగ్గా పడక వెనక కూర్చున్నవాళ్లకు ఏమీ కనబడలేదు. అయినా లేవలేదు.

హాట్‌స్పాట్ పోయిన మ్యాచ్‌లో స్కోరు 31-28. ఫోన్లన్నీ ఆటలోంచి బయటికి వచ్చేశాయి. 30-30 అని ఒక కుర్రాడు కేకేశాడు. వాడి ముఖంలో ఇరవై ఏళ్ల కిందటి నన్ను చూసుకున్నాను. ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్న బావ ఎప్పట్నుంచి రాస్తున్నాడో తెలీదు, చీటీ ఎత్తి రెండు జట్లనూ పిలిచి చూపించాడు. 31-28. పిల్లలు వంగి చూసి, ఊఁ అన్నారు.

మా అక్క కొడుకు జట్టు ఫైనల్లో ఓడిపోయింది. టీవీఎస్ బండి మీద నలుగురు ఎక్కి వచ్చిన పక్క ఊరి కుర్రాళ్లు గెలిచారు. రాత్రి పందిరి విప్పుతుంటే బావ కమిటీ పుస్తకం తీశాడు. పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు, ఆరు, అన్నీ జతల యజమానుల పేర్లతో, అడుగులు అంగుళాలతో వరసగా ఉన్నాయి. ఆ కింద గెలిచిన నలుగురి పేర్లు, రెండో స్థానంలో మా వాళ్ల పేర్లు రాశాడు. పక్కన స్కోరు వేశాడు. ఎడమ వైపు గడి ఖాళీగా వదిలి, పెన్ను చెవిలో పెట్టుకుని నా వంక చూశాడు.

"ఎన్ని పళ్ల విభాగం అని రాయమంటావ్?"